శివారు రైతు మాట

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు తెనాలి ప్రాంతమును తడిపి రేపల్లె, బాపట్ల దిక్కులకు సాగిపోవును. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడగా, తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచెను. రేపల్లె, బాపట్లలు క్రొత్త జిల్లాలో చేరెను. నీరు సరిహద్దు నెఱుగదు; కచేరీలు మాత్ర మెఱుగును. కావున మూడు తావులవారును ఊరు కదలకయే కూడి యాలోచించుటకు వీడియో సభ తగిన సాధనమే.

అయితే ఆ సాధనమును నిర్మించుట ఎవరికొఱకు? ఆజ్ఞ వినిపించుటకైనచో పెద్ద తెరమీద ఒక్క ముఖము చాలును. కలిసి పనిచేయుటకు అది చాలదు. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ సాన్ ఫ్రాన్సిస్కో సభలో కూర్చుండి, సుమారు 30 మైళ్ళ దూరమున మెన్లో పార్కులోనున్న సహచరునితో మాటాడుచు, ఒకే పత్రముపై ఇరువురును పనిచేయుట చూపెను. ముఖదర్శనముకంటె ఆ సహకారమే విశేషము.

మన సభలకు కావలసినదియు నదియే. మొదట ధ్వనిని కాపాడవలెను. బొమ్మ చెదరినను సభ సాగును. మాట తెగినచో సభయే లేదు. మాట అవతలికి 150 మిల్లీసెకండ్లలోపల చేరుట మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము సూచించినది. జాగు మించినకొలది ఒకరి మాటపై నొకరు పడుదురు. అప్పుడు వెనుకకు తగ్గువాడు అధికారి కాడు, రైతే. కెమెరా తెరకు పైన నుండుటచే చూపులు కలియవు; కనుసన్నతో వంతు నడుగుట సాగదు. కనుక చేయి యెత్తినవారి వరుస అందఱికిని కనబడవలెను, ఆ వరుసయే చెల్లవలెను. కాలువ పటము అందఱి యెదుట నుండవలెను. రేపల్లె రైతు తన తూమును తానే గుర్తించి చూపగలుగవలెను. తీర్మానమును సభలోనే తెలుగున వ్రాసి, అందఱును చూచుచుండగా దిద్దవలెను.

ఇవి యంత్రజ్ఞుల ముచ్చటలని త్రోసివేయరాదు. సాగునీటి నిర్వహణలో రైతులకు 1997 నాటి చట్టము పాలొసగినది. చట్ట మిచ్చిన నోటిని ఒక మీట మూయరాదు. మాట నిలుపు మీట సభాపతి చేత నుండవచ్చును గాని, ఎవరి మాట ఏల నిలిచెనో సభకు తెలియవలెను.

కాలువ మంచిచెడ్డలు తలతూమువద్ద తెలియవు, శివారు చేనిలో తెలియును. వీడియో సభ కైనను అంతే. కట్టకడపటి గ్రామమునుండి పలికిన మాట తెగక చేరినదా, తీర్మానములో కెక్కినదా? మన పాలకులు కొనబోవు యంత్రమునకు ఈ పరీక్ష పెట్టుదురు గాక!