ప్రమాదం పాచికలో ఉండరాదు



హైదరాబాదులో చదువుకొంటున్న మా మేనల్లుడు గత మాసం మా ఇంటికి వచ్చి, "మామయ్యా! మా ఆట కోసం ప్రమాదకరమైన మాయావస్తువు నొకదానిని కల్పిస్తున్నాను. సరిగా ఉన్నదో లేదో చెప్పండి" అని అడిగినాడు. మా చెల్లెలు మాత్రం, "ఆ ఆట మానమని నువ్వైనా చెప్పు అన్నయ్యా" అన్నది. నేను కూడా మొదట దానిని ద్యూతమనియే తలచినాను.

అది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు తలకొక పాత్ర వహిస్తారు. ఫలితం సందిగ్ధమైన చోట ఇరవై ముఖాల పాచిక నిర్ణయిస్తుంది. పణం లేదు. కనుక ద్యూతమన్న మాటను వెనుకకు తీసుకొన్నాను.

వాడు కల్పించిన వస్తువు ఒక ఉంగరం. ధరించినవాడు మరణించిన మిత్రుని బ్రతికించగలడు. కాని పాచికపై ఒకటి పడినచో తానే మరణిస్తాడు. "ఇది ప్రమాదమే గాని పరీక్ష కాదురా" అన్నాను.

అదే ఆటలో 1975 నుండి ప్రసిద్ధమైన డెక్ ఆఫ్ మెనీ థింగ్స్ అనే చీట్ల కట్ట ఉన్నదని వాడు చెప్పినాడు. ఒక చీటీ కోరిన వరమిస్తుంది. మరొకటి ఆత్మను దేహం నుండి లాగి దూరాన బంధిస్తుంది. ఇప్పటి నియమం ప్రకారం ఎన్ని చీట్లు తీయునో ముందుగానే ప్రకటించవలెను. ప్రకటించి ఆగిపోయినా మిగిలిన చీట్లు తమంతట తామే ఫలిస్తాయి. ఇది విని ఆశ్చర్యపడినాను. కర్మకు ముందు మనం చెప్పే సంకల్పం వంటిదే గదా! అయితే ఆ సంకల్పం తరువాత కర్తకు చేయవలసినది ఏమియు లేదు. అంతయు చీటీదే.

మహాభారత సౌప్తికపర్వంలోని బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని చూడండి. ద్రోణుడు దానిని పుత్రునికి మనసొప్పకయే ఇచ్చి, ఎంతటి ఆపదలోనైనా మనుష్యులపై ప్రయోగించవద్దని హెచ్చరించినాడు. అశ్వత్థామ దానిని గడ్డిపరకపై అభిమంత్రించి విడిచినాడు. అర్జునుడు ప్రత్యస్త్రం విడిచినాడు. వ్యాస నారదులు నడుమ నిలువగా, బ్రహ్మచర్యాది వ్రతబలం గల అర్జునుడు ఉపసంహరించినాడు. అశ్వత్థామకు అది శక్యం కాలేదు. చివరకు అస్త్రం ఉత్తర గర్భంలోని శిశువుపై పడినది. ఇందులో పాచిక ఎక్కడ ఉన్నది? వస్తువు ఒక్కటే, ధరించినవారి సంస్కారమే భేదం.

కనుక మూడు ప్రశ్నలు వేసుకొమ్మన్నాను. ధరించువానికి హెచ్చరిక ముందుగా అందినదా? ప్రయోగించిన పిమ్మట వెనుకకు తీసుకొనే దారి ఉన్నదా, దానికి ఏ నియమం కావలెను? మూల్యం చెల్లించేది తానా, ఏమియు ఎరుగని పక్కవాడా? మూడవది ఆటలోనూ ముఖ్యమే. ఒకని సాహసానికి మరొకని పాత్ర అతని సమ్మతి లేకుండా నశించినచో, ఆ బల్ల వద్ద స్నేహం నిలువదు.

వాడు ఉంగరాన్ని మార్చినాడు. ఇప్పుడు మిత్రుని బ్రతికించవలెనన్న, ధరించినవాడు తాను నేర్చిన విద్యలలో ఏది శాశ్వతంగా విడుచునో పేరు పెట్టి చెప్పవలెను. పాచిక లేదు. తరువాతి ఆటలో ఒక మిత్రుడు దానిని ధరించి, చాలాసేపు మౌనంగా కూర్చొని, తీసి బల్లపై పెట్టినాడట. "ఆ రోజు ఎవ్వరం ఫోను ముట్టుకోలేదు మామయ్యా" అన్నాడు.

మా పాఠశాలలో స్వరం తప్పినప్పుడు గురువుగారు త్వష్ట కథ చెప్పి ఆ పనసను మళ్లీ మళ్లీ చెప్పించేవారు. ఇంద్రుని చంపువాడు పుట్టవలెనని హోమం చేసి, ఒక్క స్వరం తప్పి, ఇంద్రునిచేత చంపబడువానిని పొందినాడు త్వష్ట. అది దురదృష్టం కాదు, అజాగ్రత్త. నేడు ఫోనులో చూచిన ఉగ్రమంత్రాన్ని తెచ్చి, "ఇది పని చేస్తుందా స్వామీ?" అని అడిగేవారు మా ఆలయానికి తరచుగా వస్తున్నారు. "దీనిని ఉపసంహరించడం నాకు వచ్చునా?" అని అడిగినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఆ ప్రశ్నను పిల్లలు ఆటలో నేర్చుకొంటున్నప్పుడు నేనేల వద్దనవలెను? చెల్లెలికి ఆ మాటే చెప్పినాను.

శుభమస్తు.