పాత అచ్చు, కొత్త డబ్బా

విమానాలు, ఓడలు, యుద్ధ ట్యాంకుల చిన్న నమూనాలను ముక్కలుగా డబ్బాలో పెట్టి అమ్ముతారు. ఇంటికి తెచ్చుకుని జిగురుతో అతికించి రంగులు వేసుకోవాలి. కొన్నిసార్లు డబ్బా మీద బొమ్మ కొత్తది, ధర కొత్తది, లోపలి ముక్కలు మాత్రం తాతల నాటివి. ఇది మోసం కాదా అని పిల్లలు అడుగుతుంటారు. ఒక షరతు మీద, కాదంటాం మేము.

సెక్టర్ 4లో ఉక్కు పనివాళ్ల ఇళ్లలో పెరిగిన పిల్లలకు దీని లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. అసలు ఖర్చు ప్లాస్టిక్‌కు కాదు, అచ్చుకు. ఉక్కు దిమ్మెను తొలిచి, రెక్క మీది ఒక్కో గీతనూ తిరగేసి చెక్కాలి. అది నిపుణులు ఓపికతో చేసే పని. తరువాత కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోపలికి నెడితే చాలు, ముక్కలు చకచకా వస్తాయి. అచ్చు ఖర్చు ఒకసారి రాబట్టుకున్నాక మళ్లీ తీసే సరుకు చవగ్గా పడుతుంది. అందుకే కంపెనీ మునిగినా అచ్చులు మునగవు. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ 1981లో దివాలా తీసింది. పేరు, అచ్చులు చేతులు మారి 2006లో హార్న్‌బీకి చేరాయి. పాత అచ్చుల సరుకును ఇప్పుడు ‘వింటేజ్ క్లాసిక్స్’ అని అమ్ముతున్నారు. పాతదని పేరులోనే చెప్పారు, ఇక పేచీ ఏముంది? మా షరతు కూడా అదే. అచ్చు ఏ సంవత్సరానిదో డబ్బా మీద ఉండాలి. అరిగిన అచ్చు అంచుల్లోంచి ప్లాస్టిక్ కారి పల్చటి రేకులా అంటుకుంటుంది. దాన్ని గీకి తీయాల్సి వస్తుందని కొనేవాడికి ముందే తెలియాలి కదా!

జపాన్‌లో టమియా 1984 నాటి గ్రాస్‌హాపర్ కారును 2005లో మళ్లీ విడుదల చేసింది. చిన్నప్పుడు కొనలేకపోయినవాళ్లకు ఇప్పుడు జీతాలున్నాయి మరి.

ఇలాంటి ప్రశ్నే కొండపల్లి బొమ్మల మీదా వేస్తారు, కాకపోతే ఎగతాళిగా. “ఎప్పుడు చూసినా ఆ దశావతారాలే, ఆ అంబారీ ఏనుగే. కొత్తవి చెయ్యరేం?” ఈ మాట మాకు నచ్చదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను సెగ మీద ఆరబెట్టి, తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికించి, సున్నం పూసి రంగులు వేస్తారు. అంటే అదీ ముక్కలు కూర్చిన బొమ్మే. కానీ అక్కడ ఉక్కు అచ్చు లేదు, ఉన్నది మనిషి చెయ్యి.

తుప్పు పట్టకుండా చూసుకుంటే ఉక్కు అచ్చు గోదాములో ఇరవై ఏళ్లు పడి ఉన్నా మళ్లీ పనిచేస్తుంది. ఒక తరం అంబారీ చెక్కడం మానేస్తే దాన్ని ఏ గోదాములోంచి తెస్తాం? మ్యూజియంలో ఉన్న ఏనుగు తన ఆకారం చూపిస్తుంది, అంతే. ఉలి ఎంత వాలుగా పట్టాలో, మక్కు ఎంత చిక్కగా ఉండాలో చెప్పదు. ఏటేటా అదే బొమ్మ చెయ్యడమే వాళ్లకు అచ్చును భద్రపరచడం. పొణికి కర్ర దొరకడమే కష్టమవుతున్న రోజుల్లో, కొత్తవి చెయ్యండని సలహా ఇచ్చేవాళ్లు ముందు ఆ పాతవి నాలుగు కొంటే బాగుంటుంది. కొత్త బొమ్మలు వద్దని కాదు, పాతవి ఆపి చెయ్యవద్దని.

భిలాయిలో బొమ్మల కొలువు పెట్టే తెలుగు ఇళ్లు ఉన్నాయి. వేసవి సెలవులకు విజయవాడ వైపు వెళ్లే పిల్లలు ఒక పూట కొండపల్లిలో ఆగండి. పనివారిని అడిగి, వారు సరేనంటే, మక్కు కలపడం దగ్గర నుంచి రంగులు వేయడం దాకా వీడియో తీసుకురండి. జూన్‌లో బడి తెరిచాక తెలుగు తరగతిలో అందరం చూద్దాం.