సేవాసమితుల దస్త్రములు

ఇటీవల మా కక్షిదారుల యింట పంపకపు వ్యవహార మొకటి నడచినది. నలుగురు అన్నదమ్ములు. బీరువాలు, బిందెలు, పెరటి దొడ్డి, కడకు ఊయల గొలుసులుగూడ పట్టీలోని కెక్కినవి. అటకమీది రేకుపెట్టె మాత్ర మెవ్వరికిని అక్కఱలేకపోయెను. తెఱచి చూడగా, వారి తాతగారు కార్యదర్శిగా నుండిన పట్టణ సేవాసమితి పుస్తకములు: సభావృత్తాంతముల పుస్తక మొకటి, చిట్టాలు రెండు, ఒక యావర్జా, ఉత్తరముల కట్ట. పాతకాగితములవానికి వేసినచో పదియో పరకయో రాగలదని యొకరనిరి. తూకము వేయు మనిషినిగూడ పిలిపించిరి. మేము అడ్డుపడి, వారి యనుమతితో, ఆ పెట్టెను నెలదినములు మా కచేరిలో నుంచుకొంటిమి. కుటుంబము పేరును, ఊరి పేరును ఇచట చెప్పబోము.

ఆ చిట్టాలలో వీరగాథ యొక్కటియు లేదు. తీర్థమునాటి చలివేంద్రమునకు కుండలు పండ్రెండు, వట్టివేళ్లు, కావడిమనిషికి కూలి, చలిజ్వరముల నెలలో క్వినైను మాత్రలు, దిక్కులేని శవమునకు కట్టెలు, గుడ్డ, వరద వచ్చిన పక్షము దినములు గంజికి నూకలు. ఇది ఖర్చువైపు. జమవైపున నున్నది పిడికెడు బియ్యము. ఇంటింట గృహిణులు వంటకు కొలుచునపుడు ఒక పిడికెడు తీసి వేఱు కుండలో వేయుచుండగా, ఆదివారమునాడు బడిపిల్లలు పోగుచేసి తెచ్చిన లెక్క యది. వీధివారీగా శేరులు, సోలలు వ్రాయబడినవి. పేదవీధి సోలలు పెద్దవీధి శేరులకంటె క్రమము తప్పక వచ్చుట గమనించి మేమొక నిమిషము పుస్తకము మూసితిమి.

సభావృత్తాంతములలో వరుసగా మూడు సమావేశములు పదునొకండు రూపాయల తేడా చుట్టును తిరిగినవి. కోశాధికారిని నిలదీసిరి. ఆయన తన చేతిసొమ్ము వేసి లెక్క సరిచేసి రాజీనామా యిచ్చెను. ఆయనతో మఱి యిద్దఱును తప్పుకొనిరి. ఏడాది గడచినపిదప వరదనాటి పట్టీలో, పడవమీద పోయినవారిలో, ఆ ముగ్గురి పేర్లును మరల కనబడుచున్నవి! ఎవరు పిలిచిరో, ఎవరు రాజీపడిరో వ్రాయలేదు. వారి మనుమలు సిగ్గుపడుచున్నది ఈ తగవు పుటలకే. ఇవి చించివేసి తక్కినవి యిత్తుమని వారిలో నొకరు మాతో ననిరి. న్యాయస్థానములలో తిరుగువారి కెఱుకయే, పుట చినిగిన చిట్టాను చూచిన న్యాయాధిపతి మొట్టమొదట నడుగునది ఆ పుటలో నేమున్నదని. తగవు దాచినచో ఆ పడవప్రయాణపు విలువయు దాగును. రజతోత్సవ సంచికలలో అచ్చువేయు ఛాయాపటములును అభినందన పద్యములును ఇట్టి లోటును తీర్పజాలవు.

ఇది యొక యింటి సంగతి కాదు. ఒక సంఘము తన కాగితములను తాను కాపాడుకొననిచో, దానిని గుఱించి మిగులునది దాని ప్రతిపక్షి వ్రాసిన కాగితమే. 1908 నాటి క్రిమినల్ చట్ట సవరణ శాసనము ప్రకారము ఒక సంఘమును చట్టవిరుద్ధమని ప్రకటించినచో, అందు సభ్యుడగుటకే ఆఱు నెలలు, దానిని నడిపినందుకు మూడేండ్ల వఱకు శిక్ష. 1921 నవంబరులో బెంగాలు, సంయుక్తరాష్ట్రములు మున్నగుచోట్ల వాలంటీరు దళములపై ఈ శాసనమునే ప్రయోగించిరి. ఆ డిసెంబరులో మోతీలాల్ నెహ్రూగారిని విచారించినపుడు ఆయన హిందీలో సంతకముచేసిన వాలంటీరు పత్రమే సాక్ష్యముగా వచ్చెను. ఆ సంతకమును గుర్తించుటకు తెచ్చిన సాక్షి అక్షరము రానివాడనియు, కాగితమును తలక్రిందుగా పట్టుకొని సాక్ష్యమిచ్చెననియు ఆయన కుమారుడు జవహర్‌లాల్‌గారు తమ స్వీయచరిత్రలో వ్రాసియున్నారు. మన ఊళ్ల సేవకుల పేర్లకు అట్టి సాక్షియే దిక్కు కావలయునా?

మన చీరాల–పేరాల సంగతియే తీసికొందము. 1921లో మునిసిపాలిటీ పన్నులను నిరాకరించి వేలకొలది జనము ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమని పేరిడిన పాకలలో పదునొకండు నెలలు గడపిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు వారికి అండయై నిలిచెను. అదే దండు ఆ సంవత్సరము మార్చి 31న బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘమునకు వచ్చిన జనసమూహమును క్రమములో నుంచెను. ఇంతవఱకు ఏ చరిత్రపుస్తకము చూచినను చెప్పును. కాని పాకలకు తాటాకు లెవరిచ్చిరి? నీటికుండ యెవరు మోసిరి? ప్రసవమైన తల్లికి మంత్రసానిని ఏ చీకటిలో ఎవరు పిలిచి తెచ్చిరి? చరిత్రకారుడొక వాక్యములో దాటిపోవు సంగతి ఇట్టి చిట్టాలో పుటలకొలది యుండును. 1923లో కాకినాడ కాంగ్రెసునందు పుట్టిన సేవాదళమునకు మూలపురుషుడైన హర్డీకరుగారి కాగితములు ఢిల్లీ తీన్‌మూర్తిలో భద్రముగా నున్నవి. పెద్దలకు ఢిల్లీ గలదు. గంజి కాచినవారికి అటక మాత్రమే గలదు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో శవములను మోసిన యువజన సంఘములవారు నేడు వృద్ధులు. వారి పద్దుపుస్తకములు ఏ గోడగూటిలో నున్నవో వారినే అడిగి తెలిసికొనుటకు మిగిలిన కాలము తక్కువ.

ఇక చట్టము మాట. 1872 నాటి సాక్ష్యచట్టపు 90వ సెక్షను ప్రకారము, ముప్పది యేండ్లు దాటిన పత్రము సరియైన స్వాధీనమునుండి వచ్చినచో దానిని నిజమైనదిగా న్యాయస్థానము భావింపవచ్చును. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఈ నియమమును విడువలేదు. సరియైన స్వాధీనము అను రెండు మాటలలోనే మా వాదమంతయు నున్నది. చిల్లరకొట్టులో పొట్లముగా దొరకిన పుట వేఱు, గ్రంథాలయము రసీదిచ్చి పుచ్చుకొన్న పుస్తకము వేఱు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకొన్న జాతి మనది. చీరాలకు చేరువనే, వేటపాలెములో 1918లో వెలసిన సారస్వతనికేతనము పాతపత్రికలను దాచియుంచుటచేతనే నేడు పరిశోధకులు అచటికి పోవుచున్నారు. పత్రికలకు దొరకిన చోటు చిట్టాలకేల దొరకదు?

ప్రతి పట్టణ గ్రంథాలయమునను ఒక బీరువా ఇందుకై కేటాయింపవలయునని మా కోరిక. ఇచ్చువారికి రసీదు, పట్టీ రెండు ప్రతులు, ఒకటి ఇంట, ఒకటి గ్రంథాలయమున. ఎవరి మనస్సైన నొచ్చునను శంక గల పుటలుండినచో పదియేండ్లో పాతికయేండ్లో తెఱవరాదని షరతు వ్రాయించుకొనవచ్చును. చించుట మాత్రము కూడదు. తుప్పుపట్టు గుండుసూదులు తీసివేయుడు. చినిగినచోట అంటుటేపు వేయకుడు, అది పసుపుబాఱి అక్షరమును తినివేయును. ప్లాస్టిక్కు పూత పూయింపకుడు, పూసినపిదప తీయ వీలుపడదు. సెల్‌ఫోనుతో ఛాయలు తీసికొనుట మంచిదే, కాని ఛాయ తీసితిమిగదా యని మూలమును తూకమునకు వేయువారిని చూచితిమి. నేటి సంఘములవారు తీర్మానములనుగూడ ఆ ఫోనులలోనే చేసికొని, ఫోను మార్చినపుడు పోగొట్టుకొనుచున్నారు. వారు నెలకొకసారియైన కాగితముపై దింపి సంతకములు చేయుట మేలు.

మా కచేరిలోని రేకుపెట్టె విషయమున ముగ్గురు సోదరులు పుటలు చింపకయే గ్రంథాలయమున కిచ్చుటకు సమ్మతించిరి. తగవు పుటలను గుఱించి పట్టుపట్టినవారు నాలుగవవారు. ఆయన వచ్చు ఆదివారము వచ్చి, వరదనాటి పట్టీని స్వయముగా చదివిన తరువాత తన మాట చెప్పెదనన్నారు.