గుడ్డుకు లెక్క ఉంది, ఓడకు లేదా?

అంగన్‌వాడీ కార్యకర్తల సమావేశాలకు వెళ్లినప్పుడల్లా నాకు కనిపించేవి రిజిస్టర్లే. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎన్ని గుడ్లు ఖర్చయ్యాయి, ఎంత పప్పు మిగిలింది, అన్నీ రాయాలి. ఒక్క గుడ్డు తేడా వస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి. లెక్క అడగడం తప్పని నేననను. ఆయుధాలు కొనేవాళ్లను ఇంత గట్టిగా ఎందుకు అడగరన్నదే నా ప్రశ్న.

విమానవాహక నౌక విక్రమాదిత్యనే తీసుకోండి. 2004లో రష్యాతో ఒప్పందం చేసుకున్నప్పుడు పాత ఓడ ఉచితమన్నారు. మరమ్మతులకు 97.4 కోట్ల డాలర్లు చాలన్నారు, 2008కల్లా వస్తుందన్నారు. సగం పనిలో రష్యా ఇంకా కావాలంది. అప్పటికే డబ్బు కట్టాం, వదులుకోలేం. 2010లో 235 కోట్ల డాలర్లకు తల ఊపాం. ఓడ 2013 నవంబరులో గానీ నౌకాదళంలో చేరలేదు. మన పల్లెల్లో గేదెను కొనే ఆడమనిషి సైతం పాలు పిండి చూడనిదే బయానా ఇవ్వదు!

ఇలా జరగడానికి కారణాలు తెలియనివి కావు. మంజూరు కోసం మొదట ఖర్చు తక్కువ చూపుతారు. మధ్యలో కోరికలు మారుస్తారు. అమ్మేవాడు ఒక్కడే అయితే అతను చెప్పిందే ధర.

అమెరికాలో నన్-మెకర్డీ చట్టం ఉంది. ఒక్కో ఆయుధం ఖర్చు 15 శాతం పెరిగితే పార్లమెంటుకు చెప్పాలి. 25 శాతం దాటితే, అది తప్పనిసరి అని రక్షణ మంత్రి ధ్రువీకరించాలి, లేకపోతే ఆపేయాలి. అయినా 2024లో సెంటినెల్ క్షిపణుల ఖర్చు 81 శాతం పెరిగిందని తేలాక కూడా కొనసాగించారు. చట్టం ఒక్కటే చాలదు, నిజమే. కానీ అక్కడి ప్రజలకు అంకె తెలిసింది. మన దగ్గర 2019లో రఫేల్ మీద కాగ్ ఇచ్చిన నివేదికలో ధరలే కప్పేశారు.

దేశభద్రత రహస్యమంటారు. ఓడలోని యంత్రాల వివరాలు రహస్యం కావచ్చు. ధర రెట్టింపు ఎందుకైందన్నది రహస్యమెలా అవుతుంది?

2018లో కేంద్రం అంగన్‌వాడీ కార్యకర్తకు తానిచ్చే గౌరవ వేతనాన్ని 3,000 నుంచి 4,500 రూపాయలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో జీతాల కోసం 2023 డిసెంబరులో సమ్మెకు దిగినవాళ్లపై 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించారు. అది రాష్ట్రం, ఇది కేంద్రం అని తప్పించుకోవద్దు. రెండు ఖజానాలూ మన పన్నులతో నిండేవే.

మనం అడగాల్సింది ఇదీ: ఒప్పందానికి ముందే బయటి నిపుణులు ఖర్చు అంచనా వేయాలి. ధర పెరిగితే కారణంతో సహా పార్లమెంటు ముందు పెట్టాలి. కాగ్ నివేదికల్లో ధరలు దాచకూడదు. గుడ్డు లెక్క రాసే చేతులకు ఓడ లెక్క అడిగే హక్కుంది.