‘గ్యాస్’ అనే ఒక్క మాట

తెలుగులో కడుపు బాధలకు మాటల కొరత ఏనాడూ లేదు. త్రేన్పు వేరు, పులిత్రేన్పు వేరు. కడుపుబ్బరం వేరు, కడుపునొప్పి వేరు. వికారం వేరు, డోకు వేరు. మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెద్దలు “పులితేపులొస్తున్నయి”, “ఎదల మంట లేస్తున్నది”, “కడుపుబ్బింది” అని మూడు బాధలను మూడు విధాలుగా చెప్పుకొనేవారు. ఇప్పుడు వాటన్నిటి స్థానంలో ‘గ్యాస్’ అనే ఒక్క మాట మిగిలింది. ఛాతీలో మంటా గ్యాసే, వీపులో పోటూ గ్యాసే, ఆయాసమూ గ్యాసే. ఇది ఆంగ్లపదమన్న కారణంతో నాకు అభ్యంతరం లేదు. అన్ని బాధలనూ ఒకే గంపకింద కప్పివేస్తున్నదన్నదే నా బాధ.

పదిహేనేళ్లకు పైగా ఈ వ్యాధితో సహవాసం చేస్తున్నవాణ్ణి గనుక నాకు తెలిసినంత మనవి చేస్తాను. ఆహారనాళం జఠరంలో కలిసేచోట ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకొని, వెంటనే బిగుసుకోవడం దాని పని. అది వేళకాని వేళ సడలితే జఠరంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఆ ఆమ్లాన్ని తట్టుకొనే లోపొర జఠరానికి ఉన్నట్లు ఆహారనాళానికి లేదు, అందుకే మంట. మాధవనిదానం ఆమ్లపిత్తాన్ని ఊర్ధ్వగమనీ, అధోగమనీ రెండుగా విభజించింది. బాధ ఏ దిక్కుకు పోతున్నదో గమనించి పేరు పెట్టిన ఆ సూక్ష్మదృష్టి మన ‘గ్యాస్’లో ఏది?

ఇక అసలు ప్రమాదం. గుండెపోటు కూడా కొందరిలో అచ్చం ఇలాగే మొదలవుతుంది. ఛాతీ మధ్యలో బరువు, బిగబట్టినట్లుండటం, చెమటలు, ఆయాసం, భుజానికో దవడకో వీపుకో పాకే నొప్పి దాని గుర్తులు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో ఇవి స్పష్టంగా కనబడక వికారమో, పొట్ట పైభాగాన అసౌకర్యమో మాత్రమే ఉండవచ్చు. “గ్యాస్ పట్టింది, సోడా తాగు” అని ఇంటిల్లిపాదీ చెబుతున్న ఆ గంటలోనే గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. “గ్యాస్ అనుకున్నం సారూ” అన్న మాట పరామర్శకు వెళ్లిన ఇళ్లలో నేను పలుమార్లు విన్నాను. 108 వాహనాలు 2005లోనే వచ్చాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఈసీజీ తీయడానికి పట్టేది నిమిషాలే. అనుమానం వచ్చినప్పుడు ముందు గుండె సంగతి తేల్చుకొని, తరువాత కడుపు సంగతి చూసుకోవాలి.

మా ప్రాంతానికి మరొక ముడి ఉన్నది. మర్రిగూడ, మునుగోడు వైపు తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జనం కీళ్లు బిగుసుకుపోయి నొప్పుల గోలీల మీద బతికారు. పటిక, సున్నం కలిపి నీటిని శుద్ధిచేసే పద్ధతికి మా నల్లగొండ పేరే పెట్టారు. 2016లో మిషన్ భగీరథ మొదలైంది. నీళ్లు మారినా ఒకసారి వంగిన నడుము నిటారు కాదు. నొప్పుల గోలీ జఠరపు లోపొరను గాయపరుస్తుంది. ఆ మంటకు మళ్లీ గ్యాస్ గోలీ. కడుపులో పుండ్లకు మరొక ప్రధాన కారణం ఒక సూక్ష్మజీవి అని కనుగొన్న మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. గ్యాస్ గోలీ ఆ పుండు మంటను అణచుతుందే గాని సూక్ష్మజీవిని చంపదు.

మందులను నేను నిందించడం లేదు. 1988లో విపణిలోకి వచ్చిన ఒమెప్రజోల్, దాని వెనుక వచ్చిన పాంటోప్రజోల్ నాబోటివారికి నిద్రను ప్రసాదించాయి. వాటిని అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. వైద్యుని అడగకుండా ఏళ్లతరబడి మింగితే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. ఎముకల సంగతీ చూసుకోవాలి. ఒకనాడు ఇంటింటా ఉన్న రానిటిడిన్‌లో 2019లో హానికర కల్మషం బయటపడింది. 2020లో అమెరికా దానిని విపణినుంచి తీయించింది. 2022లో మన దేశం అత్యవసర ఔషధాల జాబితానుంచి తొలగించింది. చీటీ లేకుండా గోలీలు కొనేవారికి ఈ వార్తలు ఎవరు చెబుతారు? మింగుడు పడకపోయినా, బరువు తగ్గినా, రక్తం కక్కినా, మలం నల్లగా పోయినా ఇక గోలీలతో కాలక్షేపం చేయరాదు.

నాకు మేలుచేసిన నియమాలు ఖర్చులేనివి. ఏడింటికి భోజనం, పదింటికి పడక. మంచం తలవైపు కోళ్లకింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు ఎత్తడం. దిండ్లు పేర్చితే నడుము మడతపడి పొట్ట నొక్కుకుంటుంది. ఎడమవైపు ఒత్తిగిలి పడుకోవడం. బీడీ, కల్లు, పరగడుపు చాయ్ మానడం. పచ్చిపులుసు, ఎర్రకారం అందరికీ ఒకేలా పడకపోవు. ఎవరి ఒంటిని వారు గమనించుకోవాలి.

అయితే ఏడింటికి తినమన్న సలహా పింఛను తీసుకొనే నాకు సులువు. వలసపోయి పట్నంలో ఇటుకలు మోసే పాలమూరు కూలీకి, రాత్రి పాళీ కార్మికునికి ఏమని చెప్పగలం? వేళకు అన్నం తినగలగడం కూడా ఒక ఆస్తే. ఆ ఆస్తి లేనివారికి దిక్కు ఊరి ఆర్‌ఎంపీ, మందుల దుకాణం. కనీసం అక్కడ గోలీ చేతిలో పెట్టేముందు “ఎక్కడ? ఎప్పటినుంచి? చెమట పడుతున్నదా?” అన్న మూడు ప్రశ్నలు వేయాలి. బడిలో పిల్లలకు పర్యాయపదాలు వల్లె వేయిస్తాం. ఒంట్లోని బాధను సరైన మాటలతో చెప్పడం కూడా నేర్పాలి. త్రేన్పుకు, మంటకు, పోటుకు భేదం తెలిసిన పిల్లవాడు ఏదో ఒక అర్ధరాత్రి తన ఇంటి పెద్దను దక్కించుకుంటాడు.