సైటేషన్ల లెక్క సరే, ప్రాతినిధ్యం లెక్కేది?

తిరువూరు అసెంబ్లీ స్థానం ఎస్సీలకు రిజర్వు. ఇక్కడి నుంచి దళితులు శాసనసభకు వెళ్తున్నారు. అదే తిరువూరులో పుట్టి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన దళిత విద్యార్థి అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో పీహెచ్‌డీ చేయాలనుకుంటే? కేంద్ర విద్యాసంస్థల రిజర్వేషన్ చట్టం అక్కడ వర్తించదు.

ఇది పార్లమెంటు రాసిపెట్టిన మినహాయింపు. ప్రవేశాల్లో రిజర్వేషన్ల కోసం తెచ్చిన 2006 చట్టంలోని సెక్షన్ 4, శ్రేష్ఠమైన సంస్థలు, పరిశోధనా సంస్థల పేరుతో కొన్నింటిని షెడ్యూలులో చేర్చి పక్కన పెట్టింది. అధ్యాపక పోస్టుల కోసం తెచ్చిన 2019 చట్టమూ అదే దారి పట్టింది. పీఆర్ఎల్‌తో పాటు తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ కూడా ఆ షెడ్యూలులో ఉంది.

అక్కడి పరిశోధనను మేము తక్కువ చేయడం లేదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక, ప్రజ్ఞాన్ రోవర్ మీది ఏపీఎక్స్ఎస్ పరికరం చంద్రుడి మట్టిని 23 చోట్ల పరిశీలించింది. దాన్ని తయారుచేసింది పీఆర్ఎల్. చంద్రుడి ఉపరితలం ఒకప్పుడు కరిగిన శిలల సముద్రమన్న సిద్ధాంతానికి ఆ ఫలితాలు బలమిచ్చాయి. ఆ పేపరు 2024 ఆగస్టులో ‘నేచర్’లో వచ్చింది. అది ప్రజల డబ్బుతో సాధించిన విజయం. అందులో మన పన్నూ ఉంది.

అయితే సైటేషన్ ఏం చెబుతుంది? ఒక పేపరును ఎంతమంది ఉదహరించారో చెబుతుంది. ఆ పేపరు రాసే అవకాశం ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో చెప్పదు. మంచి గైడు, ఖరీదైన పరికరం, విదేశీ సదస్సులు, సహ రచయితల పరిచయాలు ఉన్నచోటే సైటేషన్లు పెరుగుతాయి. గేటు బయటే ఆగిపోయినవాడికి అవేవీ అందవు. జాతీయ ర్యాంకింగు ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఓవరాల్ విభాగంలోనూ పరిశోధనకు 30 శాతం వెయిటేజీ, అందరినీ కలుపుకుపోవడానికి 10 శాతమే.

రిజర్వేషన్ వస్తే ప్రమాణాలు పడిపోతాయనే వాదనకు మన దగ్గరే జవాబుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ రిజర్వేషన్లు అమలుచేస్తూనే 2019లో ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్’ హోదా పొందింది. అక్కడ శ్రేష్ఠతకు అడ్డురాని రిజర్వేషన్ అహ్మదాబాద్‌లో ఎందుకు అడ్డొస్తుంది?

అందుకే మేము రెండు డిమాండ్లు ముందుపెడుతున్నాం. ఒకటి, రెండు చట్టాల్లోని ఆ షెడ్యూళ్లను రద్దు చేయాలి. రెండు, పరిశోధనా సంస్థలు ఏటా పేపర్లు, సైటేషన్ల పక్కనే తమ పరిశోధక విద్యార్థుల్లో, శాస్త్రవేత్తల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు ఎందరో ప్రకటించాలి. తిరువూరు వంటి రిజర్వుడు స్థానాల నుంచి గెలిచిన ప్రతినిధులు ముందుగా గొంతు విప్పాల్సింది దీనిమీదే.