కూరలో బీఫ్ లేదు

'కౌబాయ్ బీబాప్' మొదటి ఎపిసోడ్‌లో జెట్ క్యాప్సికం, బీఫ్ కలిపి కూర వండానంటాడు. స్పైక్ ఎంత వెతికినా అందులో బీఫ్ ఉండదు. డబ్బుల్లేనప్పుడు దీన్నే బీఫ్ కూర అంటారని జెట్ సమర్థింపు! కథ జరిగేది 2071లో. గ్రహాల మధ్య తిరుగుతారు, జేబులు మాత్రం ఖాళీ. షినిచిరో వతనబే 1998లో తీసిన ఈ 26 ఎపిసోడ్ల సిరీస్ నాకు నచ్చేది ఇందుకే.

18వ ఎపిసోడ్ చూడండి. 54 ఏళ్లు శీతల నిద్రలో గడిపి, గతమంతా మర్చిపోయిన ఫేకి ఓ పాత బీటామాక్స్ టేపు వస్తుంది. ప్లేయర్ కోసం స్పైక్, జెట్ భూమ్మీద శిథిలాల్లోకి దిగి నానా తంటాలు పడి, తీరా వీహెచ్‌ఎస్‌ది మోసుకొస్తారు. పడీపడీ నవ్వాను. ఆఖరికి టేపు ఆడుతుంది. అందులో చిన్నప్పటి ఫే, పెద్దయ్యాక తను చూస్తుందని తనకి తనే ధైర్యం చెబుతుంటుంది. చూస్తున్న ఫేకి ఆ పిల్ల గుర్తే రాదు. నవ్వు అక్కడ ఆగిపోయింది.

అలాంటి సిరీస్‌లో విలన్ విషియస్ ఏంటండీ అలా? కత్తి, భుజమ్మీద పక్షి, ముక్తసరి డైలాగులు, అంతే. స్పైక్‌తో స్నేహం ఎలా ఉండేదో సరిగ్గా చూపించకుండా పగ మాత్రం నమ్మమంటారు. జూలియా పరిస్థితి మరీ అన్యాయం. ఆమె కథలోకి పూర్తిగా వచ్చేసరికి సిరీసే అయిపోవస్తుంది. ఆఖర్లో నా గొంతు పట్టేసింది పోరాటానికి కాదు, వెళ్లిపోతున్న స్పైక్‌ని ఆపలేక ఫే పైకప్పుకేసి తుపాకీ పేల్చినప్పుడు.

కాబట్టి, అసలు కథ కోసమని మధ్య ఎపిసోడ్లు దాటేయకండి. ముఖ్యంగా 11వది. ఫ్రిజ్‌లో మర్చిపోయిన లాబ్‌స్టర్ ఏమైందో అందులోనే ఉంది.